ఎనుబది గళ్ల కట్టుబాటు

దేశదేశముల కంప్యూటర్లు కలిసి పనిచేయుటకు అన్నిటిని ఒక్కచోట చేర్చనక్కరలేదు. అందరును చదువగల ఉమ్మడి భాండాగారము చాలును. ప్రోటీన్ డేటా బ్యాంకు ఇందుకు తార్కాణము. 1971లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో 7 నిర్మాణములతో మొదలైన ఈ సంచయమును 2003 నుండి అమెరికా, ఐరోపా, జపాను కేంద్రములు కలిసి నడుపుచున్నవి. 2023లో నిర్మాణములు రెండు లక్షలు దాటినవి. ఇంతవరకు మెచ్చవలసినదే.

దీని పాత వ్రాతపద్ధతిని మాత్రము మెచ్చజాలము. ప్రతి పరమాణువునకు ఒక పంక్తి. అందు దాని స్థానమును తెలుపు మూడు కొలతలు. ఆనాటి చిల్లుల కార్డు ననుసరించి పంక్తికి 80 గళ్లే. పరమాణువు క్రమసంఖ్యకు 5 గళ్లు, గొలుసు పేరుకు ఒకే గడి ఇచ్చిరి. మరి 99,999 దాటినచో? కణములో ప్రోటీనులను తయారుచేయు రైబోసోము ఈ హద్దును సునాయాసముగ దాటును. కనుక ఒక్క రైబోసోమును ముక్కలుచేసి వేరువేరు దస్త్రములలో దాచిరి. చూడదలచినవాడే అతుకుకొనవలెను!

విశాలమైన మరొక పద్ధతి 1997 నాటికే సిద్ధము. ఐనను 2014లోగాని అది ప్రమాణము కాలేదు. ఉమ్మడి పద్ధతి మారినచో దానిని చదువు ప్రోగ్రాములన్నియు మారవలెను గదా! ఆ కష్టము నిజమే. కాని పదునేడేండ్లు అవసరమా? కార్డులు మూలబడినను గళ్లే ఏలినవి. ఇందుకు యంత్రమును తప్పుపట్టుట అన్యాయము.

చిన్న ప్రోటీనుల దస్త్రములు నేటికిని పాతరూపమున లభించును. ఉపాధ్యాయులు ఇన్సులిన్ దస్త్రము నొకదానిని తెరచి చూపినచో, విద్యార్థులు ఆ గళ్లను తామే లెక్కింపగలరు.