పొయ్యి వాగు ఒడ్డుకు ఎందుకు వెళ్లింది?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ పక్కనున్న హథ్‌ఖోజ్‌లో ఇప్పుడు అడవి ఊసే లేదు. ఎటు చూసినా రేకుల షెడ్లు, వెల్డింగ్ మెరుపులు, లోడు కోసం కాచుకున్న లారీలు. అక్కణ్ణుంచి దల్లీ రాజ్‌హరా ఇనుప గనుల వైపు దక్షిణానికి ఎనభై తొంభై కిలోమీటర్లు వెళ్తే మాత్రం లోకం మారిపోతుంది. పొలంగట్ల మీద ఒకటీ అరాగా కనిపించిన ఇప్ప చెట్లు చిక్కబడి అడవిలో కలుస్తాయి. స్థానికులు వాటిని మహువా అంటారు. ఆ అడవుల్లో వాగు వెంట నడిచేవాళ్లకు ఓపికుంటే పాత సారా బట్టీల జాడలు దొరుకుతాయి. మసిబారిన రాళ్లు, ఎర్రగా కాలిన నేల, అడుగున చిల్లులున్న కుండపెంకు. అంతకు మించి పెద్దగా ఏమీ మిగలదు.

భిలాయ్ సెక్టార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది. ఆ వైపు సీతంపేట ఏజెన్సీ సంగతులు తెలిసినవాళ్లకు ఇప్పసారా కొత్తేమీ కాదు. అయితే దాన్ని తాగుడు సమస్యగానో, ఎక్సైజు కేసుగానో తప్ప ఒక పనితనంగా చూసే అలవాటు మనకు తక్కువ. ఆ పనితనం ఎలాంటిదో, పల్లెలో ఉండాల్సిన పొయ్యి అడవిలోకి ఎందుకు చేరిందో ఈ జాడలే చెబుతాయి.

పువ్వు నుంచి చుక్క దాకా

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్ప చెట్టు ఆకు రాల్చి పూత పూస్తుంది. పువ్వులు తెల్లవారుజామున రాలతాయి. లేత పసుపు రంగులో, కండపట్టి, ముట్టుకుంటే జిగురుగా ఉంటాయి. ఎలుగుబంట్లూ పశువులూ వచ్చేలోపే ఆడవాళ్లు, పిల్లలు బుట్టలతో చెట్టు కిందికి చేరతారు. ఏ చెట్టు ఏ ఇంటివాళ్లదో ఊళ్లో అందరికీ తెలుసు. ఎండిన పువ్వు ముడుచుకుని గోధుమ ఎరుపుకు తిరుగుతుంది. దాని బరువులో సగం దాకా చక్కెరే. నిల్వ ఉంటుంది కాబట్టి కరువు రోజుల్లో కడుపు నింపేదీ అదే, పండగనాడు సారా అయ్యేదీ అదే.

ఎండుపువ్వును కుండలో నానేస్తారు. ఎండాకాలమైతే నాలుగైదు రోజులు, చలికాలమైతే వారం పైన పడుతుంది. పువ్వుతో వచ్చిన ఈస్టు, పాత కుండకు పట్టిన ఈస్టు కలిసి చక్కెరను పులియబెడతాయి. ఊట ఎప్పుడు సిద్ధమైందో నురగనూ వాసననూ బట్టి తెలుసుకుంటారు. తొందరపడితే చక్కెర మిగిలిపోతుంది, ఆలస్యమైతే పుల్లబడి కాడిలా మారుతుంది.

బట్టీ పెట్టడంలో రెండు పద్ధతులున్నాయి. మొదటి దాంట్లో ఊట మరిగే కుండ మీద, అడుగున చిల్లులు పొడిచిన ఇంకో కుండ కూర్చుంటుంది. దాని లోపల ఒక చిన్న ముంత, పైన మూతగా చన్నీళ్ల గిన్నె. చిల్లుల్లోంచి లేచిన ఆవిరి గిన్నె అడుగుకు తగిలి, చల్లబడి, చుక్కచుక్కగా ముంతలో పడుతుంది. పైగిన్నెలో నీళ్లు వేడెక్కగానే తోడిపోసి కొత్తవి పోస్తారు. ఎన్నిసార్లు మార్చారన్న లెక్కతోనే సారా ఘాటు అంచనా వేస్తారు. మార్చేకొద్దీ ముంతలోది పలచబడుతుంది. రెండో పద్ధతిలో మూతకుండకు వెదురు గొట్టం బిగిస్తారు. దాని రెండో కొస నీళ్లలో దించిన కుండలోకి పోతుంది. ఏ పద్ధతైనా అతుకుల దగ్గర తడిమట్టి, గుడ్డపేలికలు దట్టంగా పట్టించాలి. సందు దొరికితే సరుకంతా గాలిపాలు.

అసలు నేర్పంతా మంటలో ఉంది. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీళ్లు 100 డిగ్రీల దగ్గర. మంట ఎగదోస్తే నీటి ఆవిరి ఎక్కువగా వచ్చేస్తుంది, అడుగు మాడి కంపు కొడుతుంది. థర్మామీటర్ లేని చోట కట్టెను ముందుకీ వెనక్కీ జరపడమే సాధనం. మొదటి చుక్కలను నిప్పు మీద చిలకరిస్తారు. భగ్గున అంటుకుంటే పస ఉన్నట్టే.

ఈ అమరికకు చాలా పాత చరిత్ర ఉందనే వాదన ఉంది. తక్షశిలలోనూ, పెషావర్ సమీపంలోని చార్సద్దా దగ్గర షేఖాన్ ధేరీలోనూ సుమారు 2 వేల ఏళ్ల నాటి మట్టి పాత్రలు దొరికాయి. వాటి ఆధారంగా సారా వంటి మద్యాన్ని బట్టీ పట్టడం భారత ఉపఖండంలోనే పుట్టి ఉండవచ్చని పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్.ఆర్. ఆల్చిన్ 1979లో ప్రతిపాదించారు. పండితులందరూ ఒప్పుకోలేదు గానీ, కుండకూ గొట్టానికీ ఉన్న బంధుత్వం తెలియకపోతే ఆ పాత్రలు దేనికో ఊహించడమే కష్టం.

జాడలు చదవడం

అమెరికాలో అపలాచియన్ కొండల్లో పాత బట్టీల కోసం తిరిగేవాళ్లకు గొడ్డలి వేటు పడిన లోహపు తొట్లు దొరుకుతాయి. మన దగ్గర అంతా మట్టి, వెదురు, ఆకు. రెండు వానాకాలాలు గడిస్తే వెదురు పుచ్చిపోతుంది, మోదుగాకు దొప్పలు మట్టిలో కలుస్తాయి. మిగిలేవి పెంకులు, పొయ్యి.

పెంకు దొరికితే ముందు చిల్లులు చూడాలి. కాల్చకముందే పొడిచిన చిల్లు అంచు నున్నగా ఉంటుంది. వంటకుండకు తర్వాత పొడిచింది గరుకుగా, పెచ్చులూడి ఉంటుంది. పెంకు బయటివైపు మసి ఉంటే అది నిప్పు మీద కూర్చున్న కుండది. మసి లేకుండా అంచున కాలిన మట్టి అంటుకుని ఉంటే పైనున్న కుండదని అనుకోవచ్చు. పొయ్యి వంటపొయ్యి కన్నా లోతుగా ఉండి, కింది మట్టి మందంగా ఎర్రబడి ఉంటే గంటల తరబడి ఒకే మంట మీద పని జరిగినట్టు.

జాడలన్నీ ఒక తీరువి కావు. నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు, బెల్లం గోనెలు, నవసారం పొట్లాలు కనిపిస్తే అది ఇంటి అవసరానికి కాచింది కాదు, అమ్మకానికి కాచిన గుడుంబా. ఇప్పపువ్వుకు దాంట్లో చోటు లేదు.

పెరటి నుంచి వాగుకు

వీటన్నిటికన్నా ఎక్కువ చెప్పేది పొయ్యి ఉన్న చోటు. సారా కాచడానికి చన్నీళ్లు కావాలి, కట్టెలు కావాలి. నీళ్లు మోసుకురాగలిగితే ఆ రెండూ పెరట్లోనే సమకూరుతాయి. పుట్టుకకు, పెళ్లికి, చావుకు, దేవతకు ధారపోయడానికి కావలసిన సారాను ఆదివాసీలు ఇంటి దగ్గరే కాచుకున్నారు. దాన్ని చాటుకు తరిమింది పన్ను. బ్రిటిష్ ప్రభుత్వం మొదట చిన్నచిన్న బట్టీల హక్కును వేలం వేసింది. తర్వాత తయారీని పెద్ద డిస్టిలరీలకు మళ్లించింది. 1892లో బొంబాయి ప్రెసిడెన్సీ ఏకంగా ఇప్పపువ్వు మీదే చట్టం తెచ్చింది. సెంట్రల్ ప్రావిన్సుల కోసం 1915లో చేసిన ఎక్సైజు చట్టమే నేటి ఛత్తీస్‌గఢ్ చట్టానికి మూలం. అప్పటిదాకా వంటలాంటి పని నేరమైంది, పొయ్యి పొదల మాటుకు వెళ్లింది. పొగ కనపడకుండా చెట్లు గుబురుగా ఉన్న చోటు, మనిషి అలికిడి తెలిసే వంపు, పారిపోవడానికి దారి, వీటిని చూసుకుని పెట్టిన బట్టీ ఆ చట్టానికి నేల మీద పడిన ముద్ర.

తర్వాత ఆదివాసీలు సొంత వాడకానికి పరిమితంగా కాచుకోవడానికి సడలింపు వచ్చింది. పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డు ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం అక్కడ మద్యం నియంత్రణను, నిషేధాన్ని గ్రామసభలకు, పంచాయతీలకు అప్పగించాలంది.

ఇలా అన్నంత మాత్రాన సారాను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. దల్లీ రాజ్‌హరా గని కార్మికుల్లో శంకర్ గుహా నియోగి నాయకత్వంలోని సంఘం తాగుడుకు వ్యతిరేకంగా పెద్ద ఉద్యమమే నడిపింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఎగసిన ఆడవాళ్ల పోరాటం 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం దాకా తీసుకెళ్లింది. ఆ ఆడవాళ్లు తిరగబడింది కూలి డబ్బును పొద్దుగూకేసరికి ఊడ్చుకుపోయే సారా వ్యాపారం మీద. పండక్కి కాచుకునే కుండనూ, పాకెట్ సారా పాటదారుణ్ణీ ఒకే గాటన కట్టడం ఆదివాసీల చరిత్రకూ, ఆ ఆడవాళ్ల చరిత్రకూ అన్యాయమే.

విలువ ఎవరికి?

ఇప్పుడు గాలి మారింది. మధ్యప్రదేశ్ ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి ఆదివాసీ సంఘాల చేత తయారు చేయిస్తోంది. చిత్తూరు జిల్లాలో డిస్టిలరీ ఉన్న ఒక సంస్థ మహువాను గాజు సీసాల్లో నింపి గోవాలో అమ్ముతోంది. ఉట్నూరు వైపు ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేస్తున్నారు. పువ్వుకు గౌరవం వచ్చింది, మంచిదే. మంటను అదుపులో పెట్టే నేర్పు, చిల్లుల కుండను చేసే కుమ్మరి పని మాత్రం పెద్దగా నమోదు కాకుండానే ఆగిపోతున్నాయి. అల్యూమినియం గిన్నె వచ్చాక ఆ కుండకు గిరాకీ తగ్గింది.

అందుకే అడవిలో జాడ దొరికినవాళ్లు పెంకును జేబులో వేసుకోకూడదు. నీళ్లకు ఎంత దూరం, పొయ్యి నోరు ఎటు, చుట్టూ ఏ చెట్లు అన్నది రాసుకుని, దగ్గరి ఊళ్లో పెద్దవాళ్లను అడగాలి. చెప్పడం ఇష్టం లేకపోతే బలవంతపెట్టకూడదు. ఇంకా వాడుకలో ఉన్న బట్టీ అయితే చోటు బయటపెట్టకూడదు. ఎక్సైజు దస్త్రాలకు తెలిసింది పగలగొట్టిన కుండల లెక్కే. ఆ కుండ ఎలా పనిచేసిందో చెప్పగలిగేది దాని ముందు కూర్చున్న మనిషి. ఆ తరం ఉండగానే వెళ్లి అడగాలి.