డబ్బుతో పోయే జబ్బులు, పోనివి

సెకండ్‌హ్యాండ్‌లో హోండా సిటీ చూస్తున్నామని చెప్పగానే తలా ఒక ఫిర్యాదు వినిపిస్తారు. ఐదుగురు ఎక్కితే స్పీడ్ బ్రేకర్‌కి అడుగు తగులుతుందని ఒకరు, ఏసీ చల్లబడదని ఒకరు, ముందు చక్రాల దగ్గర టకటకమంటుందని ఇంకొకరు. పదేళ్లు దాటిన ఏ సెడాన్‌కైనా ఇవి ఉండేవే.

వీటికి జంకనక్కర్లేదు. ఆ శబ్దం లింక్ రాడ్డుదో, అరిగిన బుష్షుదో అయి ఉంటుంది. గ్యాస్ నింపిన కొద్దిరోజులకే ఏసీ మళ్లీ తగ్గితే కూలింగ్ కాయిల్ లీకవుతుందేమో చూపించాలి. ఇంజిన్ అరుస్తున్నా బండి వేగం అందుకోకపోతే క్లచ్ ప్లేటు అరిగినట్టే. మెకానిక్ చేత లెక్క కట్టించి, ఆ మేరకు ధర తగ్గించమని అడగండి.

డబ్బుతో పోనివి వేరే ఉన్నాయి. అందుకే ఎవరైనా బండి చూడమని పిలిస్తే నేను ముందు బానెట్ ఎత్తించను. సీటు బెల్టు చివరిదాకా లాగుతాను. 2015లో చెన్నైలో, 2020లో హైదరాబాద్‌లో, 2024లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. మునిగిన బండికి కార్పెట్ మార్చి సెంటు కొట్టినా, లోపల చుట్టుకుని ఉండే బెల్టు సంగతి చాలామందికి తట్టదు. దానిమీద బురద చార, సీటు పట్టాలకు తుప్పు కనిపిస్తే ఆ బండి వద్దు. వైరింగులో చేరిన తడి ఎప్పుడు దేన్ని ఆపేస్తుందో ఏ మెకానిక్కూ చెప్పలేడు.

రెండోది కంటికి కనపడదు, చెవికి వినపడదు. తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకీ చెడిపోతుంది. అలాంటి ఎయిర్‌బ్యాగు ప్రమాదంలో తెరుచుకుంటే దాన్ని ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్ పగిలి ఇనుప ముక్కలు మొహం మీదికి రావచ్చు. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో ఏళ్లుగా తిరిగిన బండికి వేడీ తేమా రెండూ ఉంటాయి. హోండా మన దేశంలో పాత సిటీ, జాజ్, అకార్డ్ బండ్లను రీకాల్ చేసి ఆ భాగాన్ని ఉచితంగా మార్చింది. కానీ చేతులు మారిన బండి కొత్త యజమానికి ఆ కబురు అందకపోవచ్చు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబరు కొడితే పని మిగిలి ఉందో లేదో తెలిసిపోతుంది.

ఏసీ చల్లగా లేదని బేరం వదులుకున్నవాళ్లను చూశాను. ఛాసిస్ నంబరు అడిగినవాళ్లు అరుదు. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండి అది. అడ్వాన్సు ఇవ్వకముందే ఆ నంబరు అడగండి. ఇవ్వడానికి నసిగితే బేరం అక్కడితో ఆపేయండి.