మారెడు జీవశాస్త్రము, నిలువవలసిన సంఖ్య

తామరయు కలువయు మన చెరువులలో ప్రక్కప్రక్కనే పూయును. మన కవులు ఒకదానిని సూర్యునకును, మఱియొకదానిని చంద్రునకును ముడిపెట్టినను, ఆ రెంటిని ఎప్పుడును ఎడబాపలేదు. వృక్షశాస్త్రజ్ఞులు సైతము వాని పువ్వుల తీరును, నీటిలో పెరుగు తీరును చూచి, చిరకాలము రెంటిని నింఫియేసీ అను ఒకే కుటుంబమున ఉంచిరి. అయితే ఇరువదవ శతాబ్ది చివరి దశకములలో డీఎన్‌ఏ వరుసలను పోల్చిచూచు పద్ధతి వృద్ధి చెందిన పిమ్మట, తామర నెలుంబొనేసీ అను వేఱొక కుటుంబమునకు చెందినదనియు, దాని సమీపబంధువులు కలువలు కాక, అరకు కాఫీతోటలలో నీడకై పెంచెడు సిల్వర్ ఓక్ వంటి చెట్లనియు తేలినది. శాస్త్రజ్ఞునకు ఇది ఒక పరిశోధనపత్రముతో తీరిన విషయము. గ్రంథాలయాధికారికి మాత్రము అక్కడనే పని ఆరంభమగును. ఏలనన తామరను గూర్చిన పుస్తకము కలువను గూర్చిన పుస్తకము ప్రక్కన ఒకే అరలో కూర్చుండియున్నది, దాని వీపున అంటించిన చీటీపై ఒక సంఖ్య కలదు, ఆ సంఖ్యయే కేటలాగులోను ఇతర చిట్టాలలోను వ్రాయబడియున్నది.

మెల్విల్ డ్యూయీ తన దశాంశ వర్గీకరణమును 1876లో ప్రకటించినపుడు విజ్ఞానశాస్త్రములకు 500 మొదలు 599 వఱకు గల సంఖ్యలను కేటాయించి, వానిలో 570ని జీవశాస్త్రమునకును, 580ని వృక్షశాస్త్రమునకును, 590ని జంతుశాస్త్రమునకును ఇచ్చెను. 1885 నాటి రెండవ ముద్రణమున ఆయన చేసిన ప్రతిజ్ఞ మిక్కిలి గొప్పది: ఒకసారి ఏర్పడిన సంఖ్యలు ఇక మారవు, గ్రంథాలయములు నిర్భయముగా వానిని పుస్తకములపై వ్రాసికొనవచ్చును అని. ఈ హామీ లేకున్నచో ఆ పద్ధతి ప్రపంచమంతట వ్యాపించియుండెడిది కాదని నా విశ్వాసము. వేలకొలది పుస్తకములు గల గ్రంథాలయమున ఒక్క శాఖ సంఖ్యలు మార్చవలెనన్న, ప్రతి పుస్తకమును అరనుండి దించి, చీటీ చించి, క్రొత్త చీటీ అంటించి, కేటలాగు కార్డులన్నిటిని దిద్దవలసివచ్చును. అన్ని దినములును పాఠకుడు తనకు కావలసిన పుస్తకమునకై ఎదురుచూచుచుండవలెను.

కాని జీవశాస్త్రము ఎవరి ప్రతిజ్ఞకును కట్టుబడియుండునది కాదు. డ్యూయీ నాటికి సజీవప్రపంచమంతయు వృక్షములు, జంతువులు అను రెండు రాజ్యములలో ఇమిడిపోయినట్లే పెక్కుమంది తలచెడివారు. 1866లోనే హెకెల్ మూడవ రాజ్యమును ప్రతిపాదించెను. 1969లో విటేకర్ శిలీంధ్రములను వృక్షములనుండి విడదీసి, అయిదు రాజ్యముల విభాగమును నిరూపించెను. 1977లో వోస్, ఫాక్స్ అనువారు బాక్టీరియాలలో కలిసిపోయి కనబడిన ఆర్కియాలను ప్రత్యేక వంశముగా గుర్తించిరి. ఇంతలో 1953లో డీఎన్‌ఏ నిర్మాణము వెల్లడియై, జీవరసాయనశాస్త్రమును జన్యుశాస్త్రమును పెద్ద శాఖలై కూర్చుండెను. డ్యూయీ పట్టికలో మాత్రము పుట్టగొడుగులును శైవలములును బాక్టీరియాలును 589లో వృక్షములుగానే, ప్రోటోజోవాలు 593.1లో జంతువులుగానే ఉండిపోయినవి. సామాన్య జీవశాస్త్రమునకు కేటాయించిన 574 అను ఒక్క సంఖ్య క్రింద జీవరసాయనశాస్త్రము 574.192గాను, ఆవరణశాస్త్రము 574.5గాను, కణశాస్త్రము 574.87గాను ఇఱికించబడెను. దశాంశబిందువు తరువాత అంకెలు ఎన్నియైన చేర్చవచ్చుననుట ఈ పద్ధతి బలము. అయితే ముఖ్యశాస్త్రము పొడవైన సంఖ్య చివర వ్రేలాడుచుండగా, ఎవరును చదువని ప్రాతవిషయము పొట్టి సంఖ్యను ఆక్రమించి కూర్చుండుట ఆ బలము పూడ్చలేని లోపము.

ఈ స్థితిని 1996 నాటి ఇరువదియొకటవ ముద్రణము చక్కదిద్దెను. జీవశాస్త్ర భాగమును అతుకులువేయక, మొదలంట తిరిగి కట్టిరి. 571 శరీరధర్మశాస్త్రమునకు, 572 జీవరసాయనశాస్త్రమునకు, 573 జంతువులలోని అవయవవ్యవస్థలకు, 575 వృక్షభాగములకు, 576 జన్యుశాస్త్ర పరిణామశాస్త్రములకు, 577 ఆవరణశాస్త్రమునకు, 578 జీవుల స్వభావవృత్తాంతమునకు, 579 సూక్ష్మజీవులకును శిలీంధ్ర శైవలములకును దక్కినవి. 574 ఖాళీగా విడువబడెను. ఈ మార్పులో నాకు అత్యంత విలువైనదిగా తోచునది సంఖ్యల మార్పు కాదు, క్రమము మార్పు. మునుపు ఆవు జీర్ణక్రియను గూర్చిన గ్రంథము ఆవు ఉన్న చోటికి, అనగా క్షీరదముల అరకు పోయెడిది. ఇపుడది జీర్ణవ్యవస్థకు సంబంధించిన 573.3 లోనికి వచ్చి, ఇతర జంతువుల జీర్ణక్రియను గూర్చిన గ్రంథముల సరసన నిలుచుచున్నది. జీవిని కాక జీవక్రియను అనుసరించి పరిశోధించెడు శాస్త్రమునకు ఇది తగిన గౌరవము.

అయినను ఈ పునర్నిర్మాణమునకు మూల్యము లేకపోలేదు. పూర్వము 576 సూక్ష్మజీవశాస్త్రము, ఇపుడది జన్యుశాస్త్రము. పూర్వము 575 పరిణామము, ఇపుడది వృక్షభాగములు. క్రొత్త పుస్తకములకు మాత్రమే క్రొత్త సంఖ్యలు ఇచ్చి ప్రాతవానిని వదలివేసిన గ్రంథాలయమున సూక్ష్మజీవులను గూర్చిన ప్రాతగ్రంథము జన్యువులను గూర్చిన క్రొత్తగ్రంథముతో భుజములు రాచుకొని నిలుచును, విద్యార్థి ఏది ఎందుకు అక్కడ ఉన్నదో తెలియక తికమకపడును. ఈ అపాయము క్రొత్తది కాదు. ఒక శాఖను పూర్తిగా కూల్చి అవే సంఖ్యలలో మరల కట్టిన పట్టికను డ్యూయీ సంపాదకులు చాలకాలము ఫీనిక్సు పట్టికయని పిలిచిరి; 1958లో పదునాఱవ ముద్రణమున రసాయనశాస్త్రమునకు మొదట ఆ సంస్కారము జరిగినది. ఈ అపాయమును తప్పించుటకు వర్గీకరణకర్తలు కొన్ని ఉపాయములను తరతరములుగా సాధనచేసిరి. డ్యూయీ పద్ధతినుండియే పుట్టిన సార్వత్రిక దశాంశ వర్గీకరణమున, ఖాళీయైన సంఖ్యను పది సంవత్సరములు బీడుపెట్టి, ప్రాత అర్థము జ్ఞాపకమునుండి తొలగిన పిమ్మటనే క్రొత్త అర్థమున వాడుట నియమము. పట్టికలో క్రొత్త సంఖ్య ప్రక్కనే దాని పూర్వసంఖ్యను కుండలీకరణములలో చూపుట మఱియొక ఉపాయము. దానివలన అరలనడుమ తిరుగు సహాయకునికి ఏ పుస్తకము ఎక్కడినుండి ఎక్కడికి పోవలెనో నిమిషములో తెలియును.

అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము వేఱొక మార్గమున నడచినది. దాని వృక్షశాస్త్ర పట్టికలో పుష్పించు మొక్కల కుటుంబములను బంధుత్వక్రమమున కాక అక్షరక్రమమున అమర్చిరి. బంధుత్వములు ఎన్నిసార్లు మారినను అక్షరమాల చెక్కుచెదరదు. శ్రమ తగ్గినమాట నిజమే. కాని ఒక మొక్కను వెదకవచ్చిన వానికి దాని బంధువును చూపించెడు ఇరుగుపొరుగు అక్కడ లభింపదు.

పేరు మాఱుటయు భావము మాఱుటయు ఒకటి కాదని నిష్కర్షగా బోధించినవారు మన రంగనాథన్. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు 1924లో అధికారియై వచ్చిన ఈ గణితాచార్యుడు వర్గీకరణ కార్యమును భావతలము, శబ్దతలము, సంఖ్యాతలము అని మూడు తలములుగా విభజించెను. నల్లతుమ్మ చాలకాలము అకేషియా నైలోటికా; అకేషియా యను పేరు ఆస్ట్రేలియా జాతులకే చెల్లవలెనను నిర్ణయము 2011లో మెల్‌బోర్న్ వృక్షశాస్త్ర మహాసభలో స్థిరపడిన తరువాత అది వాచెల్లియా నైలోటికా. ఇది శబ్దతలమున జరిగిన మార్పు. చెట్టు అదే, చిక్కుడు కుటుంబమున దాని స్థానమును అదే. కనుక సంఖ్యను తాకవలసిన పనిలేదు, సూచికలో ప్రాతపేరునుండి క్రొత్తపేరునకు ఒక దారి చూపిన చాలును. సామర్లకోటలో తోట పెంచిన విలియం రాక్స్‌బర్గ్ తన కోరమండల్ తీరపు మొక్కల గ్రంథములో మన సోమిచెట్టును స్వైటీనియాలో చేర్చెను. అది ఇపుడు సోయ్‌మిడా. ఆ చెట్టును గూర్చిన గ్రంథమును వెదకువాడు ఏ పేరుతో వచ్చునో ఎవరికిని తెలియదు. సూచిక సమగ్రముగా ఉన్నచో ఏ పేరుతో వచ్చినను గ్రంథము చేతికందును.

రంగనాథన్ 1933లో ప్రకటించిన కోలన్ వర్గీకరణము ఈ ఆలోచనను మఱియొక మెట్టు పైకి తీసికొనిపోయినది. అందు జీవశాస్త్రము జీ, వృక్షశాస్త్రము ఐ, జంతుశాస్త్రము కే. జీవి ఒక ముఖము, దానిపై జరుగు అధ్యయనము వేఱొక ముఖము. రెంటి నడుమ కోలన్ అను రెండు చుక్కలు. శరీరధర్మమునకు గల అంకె ఏ జీవికైనను ఒకటే. ముందే తయారైన సంఖ్యల జాబితా కాక, సంఖ్యలను కూర్చుకొను వ్యాకరణము ఇచ్చుటచేత, క్రొత్త అధ్యయనము పుట్టినపుడు ఆ ముఖమున ఒక అంకె చేర్చిన చాలును, పట్టిక మొత్తము కదలవలసిన అవసరము లేదు. వరుసలో ఎనిమిది అంకెలు నిండిన పిమ్మట తొమ్మిదవదానిని ఒంటరిగా వాడక, దాని వెనుక మరల ఒకటినుండి మొదలుపెట్టు అష్టకయుక్తి కూడ ఆయనదే. డ్యూయీ సంపాదకులు 1996లో చేసిన పనిలో ఈ ముఖవిభజన దృష్టి స్పష్టముగా గోచరించుచున్నది. వాడుకలో కోలన్ పద్ధతి వెనుకబడినను, దాని బుద్ధి నేటి వర్గీకరణములు పెక్కింటిలో పనిచేయుచున్నది.

శాస్త్రము చెప్పిన ప్రతి మార్పును వర్గీకరణము పాటింపవలెనా? తిమింగిలములు నీటిగుర్రములకు దగ్గఱి చుట్టములనియు, సముద్రపుటావులు ఏనుగులకు దగ్గఱివనియు నేడు నిస్సందేహముగా తెలియును. డ్యూయీలో మాత్రము తిమింగిలములును సముద్రపుటావులును 599.5లో కలసియున్నవి, నీటిగుర్రము 599.635లోను, ఏనుగు 599.67లోను దూరముగా ఉన్నవి. ఈ అమరికను ఇట్లే ఉంచుట యుక్తమని నా అభిప్రాయము. సముద్రక్షీరదములను గూర్చి చదువువాడు వానిని ఒక్కచోటనే కోరును, ఆ విషయమున వ్రాయబడు గ్రంథములును పెక్కుమారులు వానిని కలిపియే వర్ణించును. పుష్పించు మొక్కల విషయమున పరిస్థితి వేఱు. ద్విదళబీజములు ఒకే వంశము కాదని 1998లో ప్రారంభమైన అంతర్జాతీయ శాస్త్రజ్ఞబృందపు వర్గీకరణము నిరూపించిన పిమ్మట, డ్యూయీలో వానికి గల 583 క్రింద ఉన్న విభజన పునాదియే కదలినది. 1996లో క్రొత్తగా కట్టిన ఆ పట్టికను 2011 నాటి ఇరువదిమూడవ ముద్రణము వెలువడిన పిమ్మట ఆ బృందపు మూడవ వర్గీకరణము ననుసరించి మరల దిద్దవలసివచ్చెను. రెండు దశకములు తిరుగకుండ రెండు పునర్నిర్మాణములు! జిల్లేడు తన ప్రత్యేక కుటుంబమును కోల్పోయి గన్నేరు కుటుంబమున చేరినది, బూరుగు ప్రత్తితోను మందారముతోను కలిసినది, టేకు తులసి కుటుంబమునకు మాఱినది.

ఇట్టి సమయమున చిన్న గ్రంథాలయము ఏమి చేయవలెనన్న, అరలో ఉన్నవానిలో పాఠకులు తఱచు తీయు పుస్తకములకు ముందుగా క్రొత్త సంఖ్య వ్రాసి, ఏండ్ల తరబడి కదలని వానిని ప్రాతచోటనే ఉంచి, కేటలాగులో రెండు సంఖ్యలకును దారులు వేయవలెను. సంఖ్య అర్థమే తాఱుమాఱైన చోట మాత్రము, అనగా ప్రాత 575, 576 వంటి చోట్ల, ఆలస్యము పనికిరాదు. ఆ పుస్తకములు ఎన్నియున్నను ఒక సెలవుల కాలములో అన్నిటిని దించి, తిరిగి వ్రాసి, వానివాని స్థానములకు చేర్చవలెను.