ఆక్సిజన్ లెక్క

పాత సైన్స్ ఫిక్షన్ కామిక్‌ను మళ్లీ తెరిచినప్పుడు చాలామంది ముందుగా చేసే పని మార్కులు వేయడం. ఏది నిజమైంది, ఏది కాలేదు? కామిక్ హీరో టిన్‌టిన్ చంద్రయాత్ర విషయంలో ఈ అలవాటు మరీ ఎక్కువ. బెల్జియం చిత్రకారుడు ఎర్జే ఆ కథను 1950 మార్చిలో ‘టిన్‌టిన్’ వారపత్రికలో మొదలుపెట్టాడు. మధ్యలో ఏడాదిన్నర పైగా ఆపేసి, 1953 చివర్లో పూర్తి చేశాడు. ఇంగ్లీషులో ‘డెస్టినేషన్ మూన్’, ‘ఎక్స్‌ప్లోరర్స్ ఆన్ ద మూన్’ పేర్లతో మనకు తెలిసిన రెండు పుస్తకాలు అవే. అప్పటికి స్పుత్నిక్ కూడా ఎగరలేదు. అందుకే ‘ముందే ఊహించాడు’ అన్న పొగడ్త తేలిగ్గా నోటికొస్తుంది. ఆ పొగడ్త ఈ పుస్తకాలకు అన్యాయం చేస్తుందని నా వాదన. ప్రకృతి నియమం చేతికే కథ పగ్గాలిచ్చి, ఆ లెక్కను చివరిదాకా ఎగ్గొట్టకపోవడమే వీటిలోని అసలు పనితనం.

ఆక్సిజన్ సంగతే చూడండి. ప్రొఫెసర్ కాలిక్యులస్ రాకెట్లో నింపిన ఆక్సిజన్ నలుగురు మనుషులకూ ఒక కుక్కకూ సరిపోయేంత. ప్రయాణం అర్ధరాత్రి దాటాక 1:34కి. జంట డిటెక్టివులు అది మధ్యాహ్నం 1:34 అనుకుని, ఆఖరి తనిఖీ కోసం రాకెట్లోనే ఉండిపోతారు. వేరే ఏ కామిక్‌లోనైనా అది నవ్వించి వదిలేసే ఘట్టం. ఇక్కడ మాత్రం ఇద్దరి ఊపిరి అదనంగా లెక్కకెక్కుతుంది, చంద్రుడి మీద మకాం కుదించుకోవాల్సి వస్తుంది. ఆ తర్వాత పరికరాల పెట్టెలో దాక్కుని వచ్చిన గూఢచారి జోర్గెన్ బయటపడతాడు. అతను పిస్తోలు చూపించి భయపెడతాడు నిజమే, కానీ తిరుగు ప్రయాణంలో పాఠకుణ్ని కూర్చోనివ్వనిది తగ్గిపోతున్న గాలి. చివరికి వాళ్లు భూమికి చేరేసరికి స్పృహలో ఉన్న మనిషి లేడు. విలన్ చచ్చిపోయాక కూడా ఉత్కంఠ తగ్గని సాహస కథలు అరుదు. ఇందులో తగ్గకపోవడానికి కారణం, ప్రమాదం విలన్‌తో పాటు రాలేదు, మొదటి పేజీల్లో వేసిన లెక్కలోంచే వచ్చింది.

ఈ నిజాయితీ బొమ్మ గీయడంలోనూ ఉంది. ఎర్జే అలెగ్జాండర్ అనానోఫ్ రాసిన అంతరిక్షయానం పుస్తకాన్ని ఆధారం చేసుకున్నాడు, బెర్నార్డ్ హ్యూవెల్‌మాన్స్ లాంటి శాస్త్రజ్ఞుల సలహా తీసుకున్నాడు. ఎరుపు తెలుపు గళ్ల రాకెట్‌కు జర్మన్ వీ-2 క్షిపణి మూలం. రాకెట్ లోపలి భాగాలకు నమూనా చేయించి, తన స్టూడియో చిత్రకారుల ముందు పెట్టాడు. ఏ అంతస్తులో నిచ్చెన ఎటు ఉందో, తలుపు ఎటు తెరుచుకుంటుందో బొమ్మ బొమ్మకూ మారకూడదని అంత తాపత్రయం. ఇంజను ఆగగానే కెప్టెన్ హాడాక్ విస్కీ గ్లాసులోంచి లేచి బంతిలా గాల్లో తేలుతుంది. ఇంజను మళ్లీ పనిచేయగానే అందరూ నేలమీద పడతారు. బరువు అనేది ఎక్కడినుంచి వస్తుందో పిల్లవాడికి ఏ పాఠమూ లేకుండా అర్థమవుతుంది.

దీనికి గట్టి అభ్యంతరాలున్నాయి. చంద్రుడి పర్వతాలు కోసుగా నిలబడి ఉన్నాయి. నిజానికి కోట్ల ఏళ్ల ఉల్కల తాకిడికి అవి గుండ్రంగా అరిగిపోయాయి. అడోనిస్ అనే గ్రహశకలం హాడాక్‌ను తన చుట్టూ తిప్పుకుంటుంది. అంత చిన్న రాయికి ఆ ఆకర్షణ ఎక్కడిది? రెండూ తప్పులే. అయితే మొదటిది ఆనాటి చిత్రకారుల్లో చాలామంది గీసినదే, ఆ కాలంలో పాతుకుపోయిన ఊహ. రెండోదానిలో దిశ సరైనదే, పరిమాణం పెంచాడు. నియమాన్ని మరిచి చేసిన తప్పు వేరు, నియమాన్ని సాగదీసి చేసిన తప్పు వేరు. ఒప్పుల విషయంలోనూ ఇదే కొలత వాడాలి. టిన్‌టిన్‌కు గుహలో మంచు దొరుకుతుంది. 2008లో శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-1 చంద్రుడి నేలలో నీటి జాడ పట్టింది కాబట్టి ఆ బొమ్మను మెచ్చుకోనక్కర్లేదు. అది కాకతాళీయం. ధ్రువాల దగ్గర ఎండ పడని లోయల్లోని మంచుకూ ఆ గుహకూ సంబంధం లేదు.

మొదటి పుస్తకం నత్తనడక నడుస్తుందనే వాళ్లకు నా జవాబు వేరు. రాకెట్ ఎగిరేది చివరి పేజీల్లోనే, నిజమే. అంతవరకూ అణుకేంద్రం, దుస్తులు, పరీక్షలు, వివరణలు. ఆ ఓపిక వల్లే రెండో పుస్తకంలో ఎవరూ ఆగి ఏదీ వివరించనక్కర్లేకపోయింది. గాలి తగ్గిందన్న ఒక్క మాటకే పాఠకుడికి ఎవరెవరు పోవచ్చో తెలిసిపోతుంది. ద్రోహం చేసిన ఇంజనీరు వోల్ఫ్ మిగిలినవాళ్లకు గాలి మిగల్చడానికి ఉత్తరం రాసిపెట్టి అంతరిక్షంలోకి వెళ్లిపోవడం అందుకే అంత బరువుగా తగులుతుంది. ఎర్జే ఆత్మహత్యను సమర్థిస్తున్నాడని కాథలిక్ వర్గాలు అభ్యంతరపెట్టాయి. ఏదైనా అద్భుతం తనను బతికించవచ్చేమో అని అర్థమొచ్చే వాక్యాన్ని ఎర్జే ఆ ఉత్తరంలో చేర్చాల్సి వచ్చింది. అంతవరకూ ఏ అద్భుతానికీ చోటివ్వని కథ అది. ఈ రెండు పుస్తకాల్లో నాకు దిద్దాలనిపించే తప్పు ఆ వాక్యం ఒక్కటే.