బెలూన్‌లోంచి రోము

‘రోమ్ రీబార్న్’ అనే కంప్యూటర్ నగరాన్ని మెచ్చుకోడానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు. బెర్నార్డ్ ఫ్రిషర్, ఆయన సహచరులు 1997లో లాస్ ఏంజిలస్‌లో మొదలుపెట్టి పదేళ్ళకి, 2007లో లోకానికి చూపించారు. అది క్రీ.శ. 320 నాటి రోము. ఏడు వేల దాకా కట్టడాలు. 2018 నుంచి తలకి హెడ్‌సెట్ తగిలించుకుంటే చాలు, శాన్ రామన్‌లో సోఫా దిగకుండానే బెలూన్ ఎక్కి ఫోరమ్ మీద తిరిగి రావచ్చు.

నా పేచీ ఆ బెలూన్‌తోనే. గట్టి ఆధారాలున్న కట్టడాలు కొన్నే. మిగతా వేల ఇళ్ళు గిస్మోండి చేసిన 1:250 నమూనాని లేజర్‌తో స్కాన్ చేసి నింపినవి. ఈ సంగతి వాళ్ళేం దాచలేదు. కానీ అంత ఎత్తునుంచి అన్నీ ఒకే ఎండలో మెరుస్తుంటే తెలిసినదేదో, ఊహించినదేదో మన కంటికి ఆనదు. మా డోహర్టీ వ్యాలీ కూడా కొండమీంచి ఒకే అచ్చులో పోసిన ఇళ్ళలాగే కనిపిస్తుంది. ఏ గరాజ్‌లో రెండో పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోందో తెలియాలంటే కిందికి దిగాలి కదా!

దిగితే, నేను చూసినంతలో, మనుషులు దాదాపు లేరు. జువెనాల్ కవికి రాత్రంతా బళ్ళ చప్పుడుతో నిద్ర పట్టదు, పై అంతస్తుల పెంకులు నెత్తిన పడతాయని భయం. పగలు చాలా బళ్ళని సీజర్ శాసనం నిషేధించింది మరి! చాకళ్ళు బట్టలుతకడానికి మూత్రం పోగుచేసేవారు. ఈ రోములో చప్పుడూ లేదు, కంపూ లేదు. చలవరాయి ఉంది.

దాదాపు అదే కాలంలో కృష్ణ ఒడ్డున ఇక్ష్వాకుల విజయపురి ఉండేది. నాగార్జునసాగర్ నీళ్ళు ముంచెత్తేలోగా, 1954-60 మధ్య హడావిడిగా తవ్వారు. రోమన్ బంగారు నాణేలు దొరికాయి, నాలుగు వైపులా మెట్లున్న రంగస్థలమూ దొరికింది. దాన్ని తెచ్చి అనుపులో మళ్ళీ పేర్చారు. ఊరు మాత్రం నీళ్ళలోనే ఉంది. రోము ఎక్కడికీ పోలేదు, టిక్కెట్టు కొనుక్కుని చూడొచ్చు. కంప్యూటర్లో కట్టాల్సిన అవసరం విజయపురికే ఎక్కువ. ఆ పని వచ్చిన తెలుగువాళ్ళకి ఈ లోయలో కొదవా? మనకి సంస్కృతి అంటే ఏడాదికోసారి ఆడిటోరియం అద్దెకి తీసుకోవడం!

కడితే బెలూన్ వద్దు. చాంతిసిరి, బోధిసిరి తమ దానాలు రాళ్ళ మీద చెక్కించుకున్నారు. వాళ్ళు నడిచిన నేలమీంచి మొదలుపెట్టండి. ఆధారం లేని గోడల్ని రంగు వెయ్యకుండా తెల్లగా వదిలెయ్యండి.