వెయ్యికి ఇంతైతే ఒక్కదానికి ఎంత?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఎందరో ఆడవాళ్లు ఇంటిపట్టున బీడీలు చుడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన కడతారు. వెయ్యికి 250 రూపాయలు అనుకుంటే 640 బీడీలకు ఎంత? ఎనిమిదో తరగతిలో చెప్పే అనులోమానుపాతం ఇదే. దీనికి మన పిల్లలు చప్పున వాడేది అడ్డగుణకారం. మూడు రాశులు తెలిస్తే నాలుగోది రాబట్టే త్రైరాశికాన్ని ఆర్యభటుడు క్రీ.శ. 499 ప్రాంతంలోనే చెప్పాడు. పద్ధతిలో తప్పేమీ లేదు. కానీ అంతకన్నా ముందు ఒక్కదాని విలువ కట్టడం నేర్పాలని నా వాదన. 250ని వెయ్యితో భాగిస్తే బీడీకి పావలా. 640 పావలాలు 160 రూపాయలు. వై = కె × ఎక్స్ (వై కూలి, ఎక్స్ బీడీల సంఖ్య) అన్న సూత్రంలో కె ఆ పావలాయే. దాన్ని విడిగా చూసిన పిల్లకే అది నిజంగా మారకుండా ఉందా అన్న ప్రశ్న పుడుతుంది.

ఆ ప్రశ్నే ఈ పాఠానికి ప్రాణం. బాగాలేవని 40 బీడీలు తీసేస్తే, కూలి చుట్టిన వెయ్యికి కాదు, లెక్కలోకి వచ్చిన 960కే: 240 రూపాయలు. ఎన్ని చుట్టినా రోజుకు 20 రూపాయల కోత ఉందనుకుందాం. వెయ్యికి 230 వస్తుంది. ఐదువందలకు అడ్డగుణకారం 115 అంటుంది, చేతికొచ్చేది 105. స్థిరమైన కోత ఉన్నచోట అనులోమానుపాతం చెల్లదు. సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) మీదా అంతే. మీటరుకు ఇంత అన్నప్పుడు కూలి మీటర్లతో పాటు పెరుగుతుంది. అదే మనిషి రెండింతల సాంచాలు నడిపితే మాత్రం బట్ట రెండింతలు కావాలని లేదు. ఒకచోట తెగిన పోగు అతికేలోపు ఇంకోచోట కండె అయిపోయి సాంచా ఆగుతుంది.

పరీక్షలో టైము చాలదు, అడ్డగుణకారమే త్వరగా తేలుతుందని కొందరు మాస్టార్లు అనవచ్చు. నిజమే, సంబంధం సరిచూశాక దాన్ని వాడుకోవచ్చు. సరిచూడటానికి రెండు భాగహారాలు చాలు. ఇన్ని మెలికలు పెడితే పిల్లలు తికమకపడతారన్నది రెండో అభ్యంతరం. కూలి డబ్బుల్లో కోత అంటే ఏమిటో బీడీలు చుట్టే ఇంటి పిల్లలకు ముందే తెలుసు; తెలిసినదాన్ని అంకెల్లో పెట్టడం భారం కాదు. అందుకే లెక్కల మాస్టార్లకు నా విన్నపం: జవాబు అడిగే ముందు రెండు జతల అంకెలిచ్చి, భాగఫలం ఒకటేనా అని అడగండి. ఒకటే అయితేనే అడ్డగుణకారం చేయనివ్వండి.