హారీ పాటరు తుదిసంపుటము: నిర్వహణవిచారము

ప్రబంధమునకు ముఖసంధి యెంత ముఖ్యమో నిర్వహణసంధి యంతకంటె ముఖ్యము. మొదట విత్తిన బీజము తుదిని ఫలింపనిచో నడుమఁ బెరిగిన కొమ్మలెల్ల వ్యర్థములగును. ఆంగ్లరచయిత్రి జె. కె. రౌలింగు 1997 మొదలు 2007 వఱకు వెలువరించిన హారీ పాటరు కథావళి యేడు సంపుటములు గలది. అందుఁ గడపటిదగు ‘డెత్లీ హాలోస్’ 2007 జులై 21వ తేదీని వెలువడినది. దీని ముగింపును గుఱించి చదువరులకుఁ గల యసంతృప్తి యెంతవఱకు న్యాయ్యమో విచారింపఁదగియున్నది.

తెనుఁగువారికి మాంత్రికకథలు క్రొత్తవి కావు. మధిర సుబ్బన్న దీక్షితకవి కాశీమజిలీ కథలు పండ్రెండు భాగములుగా నున్నవి. కాని యందలి కథలు మజిలీల వెంట దారమునఁ గ్రుచ్చిన పూసలవంటివి. తుదిపూస యెట్టిదైనను దండకు లోపము రాదు. రౌలింగు కథ యట్టిది గాదు. తల్లిదండ్రులఁ జంపిన వోల్డెమార్టునకును, బ్రతికి బయటపడిన బాలునకును గల వైరమను నొకే బీజ మేడు సంపుటములఁ బ్రాఁకినది. కావున భారమంతయుఁ దుదిసంపుటముపైఁ బడినది.

ఇఁక చదువరిమాట. హైదరాబాదునందలి అమీరుపేట, పంజగుట్ట ప్రాంతములు కంప్యూటరు శిక్షణశాలలకును, హాస్టళ్లకును బేరువడినవి. చిన్ననాఁడు తొలిసంపుటముఁ జేతఁబట్టిన బాలుఁడు, తుదిసంపుటము వెలువడునాఁటికి డిగ్రీ ముగించి, మైత్రీవనము చుట్టుపట్ల నొక హాస్టలుగదిలో నుద్యోగార్థియై యుండుట యూహింపరానిది కాదు. అట్టి చదువరి పుస్తకము మూసి రెండు మాటలనును. కథ ముగిసెఁ గదా యని దుఃఖము మొదటిది. ‘పందొమ్మిదేండ్ల తరువాత’ యను ఉపసంహారము చప్పగా నున్నదని కోపము రెండవది.

ఈ రెంటిని వేఱుపఱుపవలెను. అభినవగుప్తాచార్యులు రసవిఘ్నములలో ‘నిజసుఖాదివివశీభావము’ నొకదానిగాఁ జెప్పిరి. చదువరి తన సుఖదుఃఖములందు మునిఁగినచో రసాస్వాదము చెడునని భావము. నాయకునితోడఁ దానును బెరిగి, తన బాల్యమును ముగిసినదని వగచుట లౌకికశోకము. అది కరుణరసము గాదు. దానిని గ్రంథదోషముగా నెంచుట తగదు. ఇది తీసివేసి చూచిన పిమ్మట మిగిలిన యాక్షేపణమే విమర్శార్హము.

బీజము లెట్లు ఫలించెనో చూడవలయును. ఆఱు సంపుటముల శత్రువువలెఁ దోఁచిన స్నేపు హృదయము 33వ ప్రకరణమున వెల్లడియగును. తరువాతి ప్రకరణమున నాయకుఁడు తన చావే పరులకు రక్షయని తెలిసికొని, మంత్రదండ మెత్తక యడవిలోనికి నడచును. కథావళికి నిజమైన శిఖర మిదియే. తరువాతి ద్వంద్వయుద్ధము గాదు. ఆ యుద్ధమందును నతఁడు ప్రయోగించినది శత్రువుచేతి దండమును జాఱవిడిపించు మంత్రమేగాని మారణమంత్రము గాదు. గెలిచిన పిదప సర్వాధికమగు దండముతోఁ దన విఱిగిన దండమును బాగుచేసికొని, దానిని డంబుల్డోరు సమాధికే తిరిగి చేర్పనెంచును. మృతులఁ బిలుచు రాయి యంతకుమున్నే యడవిలో విడువఁబడినది.

ఆనందవర్ధనుఁడు భారతమున కంగిరసము శాంతమని నిర్ణయించుటకు దాని ముగింపే యాధారము. తిక్కన సోమయాజియు స్వర్గారోహణము దాఁకఁ గథను గొనిపోయెనుగాని పట్టాభిషేకముతో నిలుపలేదు. ఆ దృష్టితోఁ జూచిన నిక్కథ కంగిరసము వీరమేయైనను, త్యాగముచేత శాంతచ్ఛాయ పొందినది. ఉపసంహారమున నాయకుఁడు గృహస్థుఁడై పిల్లలను రైలెక్కించుట చప్పన యనరాదు. తల్లిదండ్రు లెఱుఁగని బాలునకు సామాన్యగృహస్థజీవితమే పరమఫలము. మఱియు స్నేపు పేరుఁ గూడ మోయు కుమారుఁడు ఆల్బసు తనకు స్లిథరిన్ శాఖ వచ్చునేమో యని భయపడఁగా, తండ్రి యాశాఖవాఁడైన స్నేపు ధైర్యమును జెప్పి యూఱడించుట పూర్వబీజమునకుఁ దగిన ఫలము. కావున నుపసంహారముపైఁ జదువరి కోపము చాలవఱకు నిరాధారము.

అసలు లోపము వేఱొకచోట నున్నది. రెండవ సంపుటమున డాబీ యను గృహదాసుఁడు విముక్తుఁడగును. నాలుగవదాన హెర్మయొనీ యా దాసజాతి విముక్తికై సంఘము స్థాపించును. ఏడవదానఁ దన్ను రక్షించి చనిపోయిన డాబీకి నాయకుఁడు మంత్రము మాని స్వహస్తములతో గోయి త్రవ్వును. ఇంత యుదాత్తముగాఁ బెంచిన బీజము నిర్వహణమున నేమైనది? యుద్ధానంతర మదే నాయకుఁడు పడకఁ దలఁచుకొని, తన దాసుఁడు క్రీచరు తినుటకేమైనఁ దెచ్చునా యని యోచించును. బడలినవానికిఁ గలిగిన చిన్నకోరిక యని సమర్థింపవచ్చును. కాని దాస్యమును గుఱించి గ్రంథము లేవనెత్తిన ప్రశ్నకు నాయకుని తుదియాలోచన యిదియగుట యనౌచిత్యము. ఉపసంహారమును దీనిని దిద్దలేదు.

చదువరుల నిందకుఁ బాత్రమైన యుపసంహారము నిర్దోషప్రాయము. వేఱొక్క వాక్యము సదోషము. బాలురచే నిట్టి గ్రంథములఁ జదివించు పండితులు ‘ముగింపు నచ్చినదా?’ యని యడుగుటకంటె, ఏ బీజము ఫలించినది, ఏది మధ్యమున నెండిపోయినది యని యడిగినచో, వారికి సంధివిచార మప్రయత్నముగా నలవడును.